గినీ పిగ్‌ల పెత్తనం, పోట్లాట

అందరికీ నమస్కారం. ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు జీవాలైన గినీ పిగ్‌లు పెంచేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "రెండోదాన్ని తెచ్చి కలిపామండీ, కాసేపటికే కొట్టుకున్నాయి, భయపడి విడదీసేశాం. ఇప్పుడేం చేయాలి?" నేను ముందు అడిగేది రక్తం వచ్చిందా అని. చాలాసార్లు రాలేదంటారు. అయితే అక్కడ జరిగింది పోట్లాట కాదు, పెద్దరికం ఎవరిదో తేల్చుకోవడం. ఆ తేడా పట్టుకుంటే మన టెన్షన్ చాలావరకు పోతుంది.

ఇవి గుంపుగా బతికే జీవాలు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల జనం వేల ఏళ్ల కిందటే వీటిని మచ్చిక చేసుకున్నారు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచకూడదు. తోడు కావాలి, తోడులో ఎవరు ముందు తినాలి, ఎవరు పక్కకు తప్పుకోవాలి అన్నది తేలాలి. అది తేలాక రోజూ గొడవపడే పని ఉండదు.

తేల్చుకునే తీరు దగ్గర్నుంచి చూడండి. పెత్తనం కోరేది వెనక భాగం అటూ ఇటూ ఊపుతూ, నెమ్మదిగా అడుగులేస్తుంది. గొంతులోంచి లోతుగా గుర్రుమంటుంది, వీపు మీద చెయ్యి వేస్తే ఆ అదురు మనకు తెలుస్తుంది. ఎదుటిదాని చుట్టూ తిరిగి వాసన చూస్తుంది, తరుముతుంది, మీదికెక్కుతుంది, వెనక భాగం నేలకు రాసి తన వాసన అంటిస్తుంది. రెండూ ఎదురుబొదురుగా నిలబడి మూతులు పైకెత్తుతాయి. ముందు మూతి దించింది తగ్గినట్టు. అది కీచుమని అరుస్తూ పరిగెడితే మన గుండె జారిపోతుంది కానీ, చాలావరకు అది దెబ్బ తగిలిన అరుపు కాదు, "ఒప్పుకున్నా, వదిలెయ్" అనడం. ఆడవైతే వెంటపడేదాని మొహం మీదికి మూత్రం చిమ్మేస్తాయి! ఇంచుమించు 15 నుంచి 17 రోజులకోసారి ఆడవి ఎదకొచ్చినప్పుడు ఈ సందడి మళ్లీ కనిపించి, దానంతటదే సద్దుమణుగుతుంది.

ఈ దశలో మనం చెయ్యి పెట్టి విడదీస్తే వ్యవహారం తేలకుండా ఆగిపోతుంది. మళ్లీ కలిపిన రోజు మొదటికొస్తుంది.

మరి ఎప్పుడు కలగజేసుకోవాలి? పళ్లు పటపటా కొరకడం హెచ్చరిక. ఒకటి పళ్లు కొరికినప్పుడు రెండోది తప్పుకుంటే ఫర్వాలేదు. రెండూ కదలకుండా, మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకుని, పళ్లు కొరకడం ఆపకపోతే టవల్ చేతికి తీసుకోండి. మధ్యలో నోరు బారుగా తెరుస్తాయి. చాలామంది ఆవలింత అనుకుంటారు, అది పళ్లు చూపించడం. ఆ తర్వాత మొహం మీదికి దూకడమే. పెనవేసుకుని దొర్లాయంటే అసలు పోట్లాట మొదలైనట్టే. ఒట్టి చెయ్యి పెట్టొద్దు, కాటు లోతుగా దిగుతుంది. టవల్ కప్పండి, లేదా మధ్యలో అట్టముక్క దించండి. గాయం పైకి చిన్నగా ఉన్నా లోపల చీము పట్టి గడ్డ కడుతుంది, డాక్టర్‌కి చూపించాల్సిందే. రక్తం వచ్చేలా కొట్టుకున్న మగవాటిని మళ్లీ కలపమని నేను చెప్పను. మధ్యలో గ్రిల్ పెట్టి పక్కపక్కనే ఉంచండి.

రెండు మగవి ఎప్పటికీ కలవవు అనే మాట మాత్రం నమ్మకండి. జర్మనీలో జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన నార్బర్ట్ జాక్సర్ బృందం దీన్ని బాగా పరిశీలించింది. పెద్ద మగవి ఉన్న గుంపులో పెరిగిన మగది, కొత్త మగదాన్ని కలిసినా పెద్దగా కయ్యానికి దిగదు, దాని ఒంట్లో ఒత్తిడి హార్మోన్ కూడా అంతగా పెరగదు. ఒంటరిగా పెరిగినవే ఎక్కువగా కొట్టుకుంటాయి. అంటే తగ్గి ఉండటం ఎదిగే వయసులో పెద్దవాటి దగ్గర నేర్చుకునే విషయం. షాపులో కొన్న చిన్నపిల్లకి అది నేర్పే పెద్ద దిక్కు ఉండదు, నాకు బాధ కలిగేది అక్కడే. సుమారు మూడు నెలల నుంచి ఏడాది దాటేదాకా మగవాటికి దుడుకు వయసు. అందుకే ఇద్దరు కుర్రాళ్ల కంటే నెమ్మదస్తుడైన పెద్దదాని దగ్గర పిల్లని చేర్చడం మేలు. మూడు మగవాటిని కలపొద్దు. మగజంట ఉన్న గదిలో ఆడదాన్ని పెట్టొద్దు.

ఇక చోటు. మామూలుగా అమ్మే పంజరాలు వీటికి బొత్తిగా చాలవు. మగజంటకి పది చదరపు అడుగులైనా ఉండాలి. గిన్నెలు రెండు, నీళ్ల సీసాలు రెండు. ఒకే ద్వారం ఉన్న గూడు పెట్టకండి, లోపల చిక్కుకున్నది తప్పించుకోలేదు. మొదటిసారి కలిపేటప్పుడు రెండింటికీ కొత్తదైన చోట, మధ్యలో గడ్డి కుప్ప పోసి వదలండి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం పూట ఆ పని పెట్టుకోవద్దు, తరుముకుంటూ వడదెబ్బ తింటాయి.

నెలల తరబడి సఖ్యంగా ఉన్నవి ఉన్నట్టుండి తిరగబడితే ముందు జబ్బు కోసం వెతకండి. చర్మంలో పురుగులు, మూత్రంలో రాళ్లు, వయసు మళ్లిన ఆడవాటిలో అండాశయం తిత్తులు, ఇవన్నీ చిరాకు పుట్టిస్తాయి. రక్తం కనిపించని వేధింపు కూడా ఉంటుంది. ఒకటి రెండోదాన్ని గిన్నె దగ్గరికి రానివ్వదు, పడుకోనివ్వదు. అది మన కళ్ల ముందు జరగకపోవచ్చు, తూకంలో బయటపడుతుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి రెండింటినీ తూచి రాసిపెట్టుకోండి. ఒకటి వరసగా తగ్గుతూ వస్తుంటే డాక్టర్‌కి చూపించి, జబ్బేమీ లేదంటే దానికి వేరే తోడు వెతకండి.