పిల్లల పొట్టలో మేలు చేసే క్రిములు

శ్రోతలకు నమస్కారం. ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందుల మీద జరిగిన ఒక పరిశోధన సంగతి చెబుతాను. తల్లిపాలు తాగుతున్న, ఆరోగ్యంగా పుట్టిన పిల్లలు వీళ్లు. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం వీళ్లలో సగం మందికి వారం పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను, దానికి మేతగా ఒక రకం పీచు చక్కెరను కలిపి పట్టించింది. మిగతావాళ్లకు అవి లేని పొడి ఇచ్చారు. రెండు నెలలు గమనించాక చూస్తే, ఉత్త పొడి తాగినవాళ్లలో నూటికి 9 మంది సెప్సిస్ అనే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ బారిన పడటమో చనిపోవడమో జరిగింది. బాక్టీరియా అందినవాళ్లలో అది 5.4 శాతమే. 2017లో ‘నేచర్’ పత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది.

ఆ బాక్టీరియా ప్రోబయోటిక్, దాని మేత ప్రీబయోటిక్. ఈ మేత మనకు అరగదు. నేరుగా పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని తిని కొన్ని ఆమ్లాలు వదులుతుంది. పేగు గోడకు బలం వాటి నుంచే. రోగనిరోధక కణాల్లో చాలా భాగం ఉండేది ఆ గోడ పక్కనే మరి.

తల్లిపాలలోనూ బిడ్డకు అరగని చక్కెరలు బోలెడు. అవి బిడ్డ పేగులో ఉండే బిఫిడో అనే మేలు చేసే బాక్టీరియా కోసమే. అందుకే ముర్రుపాలు పిండి పారబోసి, తేనె నాకిస్తామనే పెద్దవాళ్లతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రమాదం కూడా.

ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, అరటిపండు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు మొదలుపెట్టవచ్చు. కాస్త పెద్ద పిల్లలకైతే రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి ఉంచితే పొద్దున్నకి చద్దన్నం రెడీ. నంజుకోడానికి ఉల్లిపాయ ఇస్తే మేత కూడా దొరికినట్టే. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, కానీ పులిసిన పిండిలోని బాక్టీరియా ఆవిరికి చచ్చిపోతుంది.

మందుల షాపులో దొరికే ‘ఇమ్యూనిటీ’ పొడుల మాటేమిటంటారా? ఒడిశాలో పనిచేసిన బాక్టీరియా రకం వేరు, ఆ డబ్బాలో ఉన్న రకం వేరు కావచ్చు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు వేరే రకాలు ఇచ్చి అమెరికా, కెనడాల్లో పరీక్షిస్తే ఏ లాభమూ కనబడలేదని 2018లో తేలింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే డాక్టరు చెప్పనిదే ఇలాంటివి చుక్క కూడా వేయకండి. విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్ కలిపి తాగించండి, జింక్ ఎన్ని రోజులు వాడాలో ఆశా కార్యకర్తను అడగండి, తల్లిపాలు మాత్రం ఆపకండి.