ఫొటోల వెబ్ పేజీకి ఏ పనిముట్టు? ఒత్తులు తెగనిదే కావాలి!

నమస్కారం. ముందే ఒక మాట చెప్పాలి. ఫొటోల వెబ్ పేజీలు తయారుచేసే ఒక చందా సేవవారు ఏడాదిపాటు ఉచితంగా వాడి చూడమని నాకు ఖాతా ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. నిల్వ ఎంత, నెలకు ఎంత కట్టాలి అన్న వాటి జోలికి వెళ్లను.

పరీక్షించడానికి మన బెంగళూరు బసవనగుడిలో తీసిన ఫొటోలు తీసుకున్నాను. కార్తిక మాసం చివరి సోమవారం అక్కడ కడలెకాయి పరిషె జరుగుతుంది. వేరుశనక్కాయల జాతర. అరవై ఫొటోలు ఎక్కించాను. అమరిక అందంగా ఉంది, పేజీ చకచకా తెరుచుకుంది. ఇక ఇదే వాడదాం అనుకుంటూ ఫొటోల కింద తెలుగులో వివరాలు రాశాను.

ఇదిగో, ఈ ఫొటో చూడండి. నేను రాసింది ‘దొడ్డ బసవన్న గుడి మెట్ల దగ్గర పచ్చి కాయల కుప్ప’. పేజీలో కనిపిస్తున్నది ‘దొడ బసవన గుడి మెట దగర పచి కాయల కుప’. ఒత్తులన్నీ తెగిపోయాయి!

కారణం చిన్నదే. ఇంగ్లీషు అక్షరాల కొలతతో పంక్తి ఎత్తు పెట్టి, దాన్ని దాటినదంతా దాచేయమని పేజీలో రాశారు. మన ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి కదా, అవి దాని పాలబడ్డాయి. పంక్తి ఎత్తు 1.2 ఉన్నచోట 1.7 చేస్తే చాలు. సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ రూపురేఖలు నిర్ణయించే కోడ్‌లో, ఒక్క అంకె! ఆ అంకెను ముట్టుకునే వీలు ఖాతాదారుకు లేదు. రెండుసార్లు ఉత్తరం రాస్తే, వివరాలు క్లుప్తంగా రాసుకోమని జవాబు వచ్చింది. ఎంత క్లుప్తంగా రాసినా ‘అమ్మ’కు ఒత్తు ఉండదా? నాకు నిజంగా కోపం వచ్చింది.

అప్పుడు గూగుల్‌వారి పాత ఫొటోల సాఫ్ట్‌వేర్ పికాసా గుర్తొచ్చింది. ఫొటోల ఫోల్డర్‌ను హెచ్‌టీఎంఎల్ పేజీగా, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పేజీగా, మార్చి ఇచ్చే సదుపాయం అందులో ఉండేది. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. అయినా అంతకు ఎన్నో ఏళ్ల ముందు నేను చేసుకున్న లాల్‌బాగ్ పూల ప్రదర్శన పేజీలు ఇప్పటికీ బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నాయి. సాఫ్ట్‌వేర్ పోయినా పేజీలు నా దగ్గరే ఉన్నాయి. చందా ఆపితే మాయమయ్యే పేజీకి ఆ భరోసా ఎక్కడిది?

అందుకే జేఆల్బమ్ వైపు వెళ్లాను. స్వీడన్‌లో పుట్టిన పాత సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఫొటోల ఫోల్డర్ చూపిస్తే చిన్న బొమ్మలు, పెద్ద బొమ్మలు, పేజీలు అన్నీ మన కంప్యూటర్‌లోనే తయారుచేసి పెడుతుంది. బొత్తాలు ఎక్కువే, చెయ్యి తిరగడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట నాకు బాధ అనిపించలేదు, ఎందుకంటే సీఎస్‌ఎస్ నా చేతిలో ఉంది. 1.7 అని రాసుకున్నాను. ఒత్తులన్నీ నిండుగా వచ్చాయి.

పేజీలు ఎక్కడ పెట్టాలంటారా? వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉచితంగా పెట్టవచ్చు. సైటుకు 1 జీబీ పరిమితి ఉంది. పొడవు వైపు 2000 పిక్సెళ్లకు కుదించిన ఫొటో సుమారు 500 కేబీ అనుకుంటే, దాదాపు రెండు వేల ఫొటోలు పడతాయి. రంగులు ఎస్‌ఆర్‌జీబీలో, అంటే వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతిలో, ఉంచండి, లేకపోతే కొన్ని తెరల మీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఫోనుతో ఇంట్లో తీసిన ఫొటోలైతే, వాటిలో నమోదైన లొకేషన్ వివరాలు తీసేసి మరీ పెట్టండి.

ఆ చందా సేవ అమరిక నాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా తెలుగులో రెండు ముక్కలు రాసుకునేవారు ఎవరూ దానికి డబ్బు కట్టవద్దు. ఆ అంకె సరిచేశామని వాళ్లు కబురు పెట్టిన రోజున ఇవే అరవై ఫొటోలు మళ్లీ ఎక్కించి, మొదట దొడ్డ బసవన్న ఫొటోనే మీకు చూపిస్తాను.