విదేశాల నుంచి వచ్చే చౌక కారు విడిభాగాలు

శ్రోతలందరికీ నమస్కారం.

వర్క్‌షాపులో ఒక విడిభాగానికి చెప్పిన ధర విని, అక్కడే నిలబడి ఫోనులో వెతికితే, చూడటానికి అచ్చం అలాగే ఉన్న వస్తువు ఎక్కడో విదేశంలో ఉన్న అమ్మకందారు దగ్గర మూడో వంతు ధరకే కనిపిస్తుంది. ఆ క్షణంలో ఎవరికైనా ఆశ పుడుతుంది, అందులో తప్పేమీ లేదు. అయితే తెరమీద కనిపించే ఆ అంకె పూర్తి ధర కాదనీ, కొన్ని భాగాల విషయంలో ధర గురించి ఆలోచించకముందే మరో ప్రశ్న వేసుకోవాలనీ ఈ ప్రసంగంలో మనవి చేయదలచాను. కారు నడుస్తుండగా ఈ భాగం పాడైతే ఏమవుతుంది అన్నదే ఆ ప్రశ్న.

విదేశాల నుంచి తెప్పించుకోక తప్పనివారు కొందరున్నారు. ముందుగా వారి సంగతి చెప్పాలి. మన దేశంలో షెవ్రోలే కార్ల అమ్మకాలు 2017 చివరితో ఆగిపోయాయి. ఇక్కడ కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు ఫోర్డ్ సంస్థ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. 2020లో వాహనాల పొగను కట్టడి చేసే బీఎస్6 ప్రమాణాలు అమలులోకి వచ్చేసరికి ఫియట్ కార్లు షోరూముల నుంచి తప్పుకున్నాయి. అమ్మకాలు ఆగిపోయినా ఆ కార్లు మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. తరచుగా అరిగిపోయే ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్ల వంటివి విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాదు రాణిగంజ్‌లోనో, అక్కడా లేకపోతే ఢిల్లీ కశ్మీరీ గేటు బజారు నుంచో సంపాదించవచ్చు. చిక్కంతా ఏ పదేళ్లకో ఒకసారి పాడయ్యే వాటితోనే వస్తుంది: ఒక సెన్సరు, ఒక తలుపు గొళ్లెం, డాష్‌బోర్డు మీది చిన్న ప్లాస్టిక్ మూత. మనం బీట్ అని పిలుచుకున్న కారును షెవ్రోలే వారు చాలా దేశాల్లో స్పార్క్ అనే పేరుతో అమ్మారు కాబట్టి, ఇక్కడ దొరకని భాగం అక్కడ దొరికే అవకాశం నిజంగానే ఉంది. ఇటువంటి యజమానికి విదేశీ కొనుగోలు సరదా కాదు, నమ్ముకున్న కారును మూలన పడేయకుండా కాపాడుకునే దారి. వారిని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు.

అటువంటివారు చేయవలసిన మొదటి పని, ఫొటోను కాక పార్టు నంబరును నమ్మడం. కంపెనీ తయారుచేసిన దాదాపు ప్రతి భాగం మీద అచ్చుపోసో, స్టిక్కరు అంటించో ఒక నంబరు ఉంటుంది. అది చెరిగిపోతే, కారు ఆర్సీలో ఉండే 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరు ఆధారంగా డీలరు దగ్గర సరైన నంబరు తెలుసుకోవచ్చు. చివరి ఒక్క అక్షరం మారినా అది వేరే భాగం కావచ్చు. చక్రపు బేరింగునే తీసుకోండి. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న చాలా కార్లలో ఆ బేరింగుకు ఒక వైపున అయస్కాంత ధర్మం గల సన్నని వలయం ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సరు దాని ద్వారానే గ్రహిస్తుంది. కంటికి అది మామూలు నల్లని సీలులా కనిపిస్తుంది, అంతే. ఆ వలయం లేని బేరింగు కొలతల్లో సరిగ్గా సరిపోతుంది, చక్రమూ హాయిగా తిరుగుతుంది. కానీ బండి కదలగానే ఏబీఎస్ హెచ్చరిక దీపం వెలుగుతుంది. బేరింగును మళ్లీ బయటికి తీయించాలంటే ప్రెస్సు మీద కొట్టించాలి, కూలి రెండోసారి చెల్లించాలి. చౌకగా కొన్న లాభం అక్కడితో హరించుకుపోతుంది.

హెడ్‌లైట్ల విషయం ఇంతకన్నా ముఖ్యమైనది. మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం. చైనాలోనూ, అమెరికాలోనూ, యూరప్‌లోని అత్యధిక దేశాల్లోనూ కుడివైపున నడుపుతారు. డిమ్ములో హెడ్‌లైటు కాంతి రెండు వైపులా సమానంగా పడదు. ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడకుండా వారి వైపు కిందికి దిగి ఉంటుంది, రోడ్డు అంచున నడిచేవారు కనబడేలా మన పక్కన కొంచెం పైకి లేస్తుంది. రాత్రిపూట ఒక గోడ ముందు కారు నిలిపి డిమ్ములో లైటు వేసి చూస్తే, వెలుగుకూ చీకటికీ మధ్య గీత గీసినట్లు కనిపిస్తుంది. మన కారు అయితే ఆ గీత ఎడమవైపున పైకి ఎక్కాలి. కుడివైపు నడిపే దేశం కోసం చేసిన లైటును మన కారుకు బిగిస్తే ఆ గీత కుడివైపున పైకి లేచి, ఎదురుగా వచ్చే ప్రతి వాహనదారుడి కళ్లలోకి కాంతిని సూటిగా కొడుతుంది. మనకు మాత్రం దారి బాగానే కనిపిస్తున్నట్లు ఉంటుంది, అందుకే తప్పు ఎక్కడుందో మనకు తెలియదు. రెండు వరుసల రోడ్డు మీద, మధ్యలో డివైడరు లేనిచోట, ఒక స్కూటరు మీద భార్యాబిడ్డలతో వస్తున్న మనిషికి ఆ రెండు క్షణాలు కళ్లు కనిపించకపోతే జరిగేదానికి బాధ్యత ఎవరిది? లైట్లు కొనక తప్పకపోతే బ్రిటన్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్, జపాన్ వంటి, మనలాగే ఎడమవైపు నడిపే దేశాల కోసం తయారైనవే అడిగి తీసుకోవాలి. మామూలు బల్బు కోసం రూపొందించిన లైటులో చౌక ఎల్‌ఈడీ బల్బులు దూర్చడం వల్ల కూడా ఇదే హాని కలుగుతుంది, ఎందుకంటే కాంతిని ముందుకు మళ్లించే లోపలి అద్దపు గిన్నెను, బల్బులో వెలిగే తీగ అయిన ఫిలమెంటు ఉండే చోటును బట్టి కొలిచి చేస్తారు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ప్రశ్నకు వస్తాను. అద్దం మీది ప్లాస్టిక్ కవరు, సీటు పక్కనుండే మీట, ఏసీ గాలి ఫిల్టరు పాడైతే చిరాకు కలుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇంజను ఆయిల్ ఫిల్టరు నాసిరకమైతే వెంటనే తెలియదు. లోపలి కాగితం మడతలు తక్కువగా ఉండి, ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు గట్టిపడిపోతే, ఇంజను స్టార్టు చేసిన ప్రతిసారీ కొన్ని క్షణాలపాటు ఆయిల్ అందక లోపలి భాగాలు నెమ్మదిగా అరుగుతాయి. బ్రేకు ప్యాడు సంగతి పూర్తిగా వేరు. ఇనుప పలకకు రాపిడి పదార్థాన్ని అతికించి దాన్ని తయారుచేస్తారు. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడో, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు వచ్చేటప్పుడో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ ఉంటే అది విపరీతంగా వేడెక్కుతుంది. నాసిరకం పదార్థం ఆ వేడికి పట్టు కోల్పోతుంది, అతుకు బలహీనమైతే పలక నుంచి ఊడిపోవచ్చు కూడా. బల్లమీద పెట్టిన రెండు ప్యాడ్లలో ఏది మంచిదో కంటిచూపుతో చెప్పడం అనుభవమున్న మెకానిక్‌కు కూడా కష్టం. పేరూ ఊరూ తెలియని అమ్మకందారు దగ్గర బ్రేకు, స్టీరింగు, సస్పెన్షను భాగాలు ఎంత చౌకగా వచ్చినా కొనకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఎయిర్‌బ్యాగు గురించి మరింత గట్టిగా చెప్పాలి. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2012లోనే నకిలీ ఎయిర్‌బ్యాగుల మీద హెచ్చరిక జారీ చేసింది. పరీక్షల్లో వాటిలో కొన్ని అసలు విచ్చుకోలేదు, కనీసం ఒకటి లోహపు ముక్కలను బయటికి వెదజల్లింది. అదే సంస్థ 2024 జులైలో మరోసారి ప్రజలను అప్రమత్తం చేసింది. ఎయిర్‌బ్యాగును నింపే ఇన్‌ఫ్లేటరు స్థానంలో చౌకరకం విదేశీ వస్తువు బిగించిన కార్లలో, అంతకుముందు తొమ్మిది నెలల్లో ముగ్గురు మరణించారనీ, మరో ఇద్దరు జీవితాంతం మానని గాయాలపాలయ్యారనీ వెల్లడించింది. ప్రమాదానికి గురైన కార్లను కొని, తక్కువ ఖర్చుతో బాగుచేసి, మళ్లీ అమ్మేవారి వల్ల ఇటువంటివి కొత్త యజమాని చేతికి వస్తాయి. మన పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటూ, మొదటి కారుగా పాత కారునే కొనుక్కుంటున్నారు కాబట్టి ఈ మాట ఇక్కడి తల్లిదండ్రులకు కూడా వినిపించాలని నా ఆశ. కొనేముందు ఆ వాహన చరిత్ర నివేదిక తీయించి చూడమనీ, గతంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నట్లు ఉంటే మంచి మెకానిక్ చేత పరీక్ష చేయించమనీ వారికి చెప్పండి.

ఇక డబ్బు లెక్క. మనం కొన్న భాగం 10,000 రూపాయలు, రవాణా, బీమా కలిపి 2,000 రూపాయలు అనుకుందాం. సుంకం 10,000 మీద కాదు, మొత్తం 12,000 మీద పడుతుంది. మూల సుంకం 15 శాతం అనుకుంటే 1,800, దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ 180, ఇవన్నీ కలిపిన 13,980 మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతులపై పడే జీఎస్టీ, సుమారు 2,516. అంటే పదివేల వస్తువు ఇంటికి చేరేసరికి దాదాపు 16,500 అయింది. దీనికితోడు కొరియరు వారి క్లియరెన్సు రుసుము, బ్యాంకు విదేశీ మారకపు రుసుము ఉంటాయి. ఆటో విడిభాగాలన్నిటి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి వచ్చింది కాబట్టి ఇంతటితో ఆగింది. అంతకుముందు చాలా వాటి మీద 28 శాతం ఉండేది. వస్తువును, దాన్ని తెప్పించే పద్ధతిని బట్టి మూల సుంకం మారుతుంది కనుక ఆర్డరు పెట్టకముందే కొరియరు సంస్థను అడగడం మంచిది.

కొందరు అమ్మకందారులు పొట్లం మీద గిఫ్టు అని రాస్తామనీ, విలువ తగ్గించి చూపిస్తామనీ తామే ముందుకు వస్తారు. ఒప్పుకోవద్దు. ఐదు వేల రూపాయల లోపు గిఫ్టులకు ఉన్న వెసులుబాటును ప్రభుత్వం 2019 డిసెంబరులోనే ఎత్తివేసింది, రాఖీలకూ ప్రాణరక్షక మందులకూ మాత్రమే మినహాయింపు ఉంచింది. తప్పుడు విలువ చూపితే సరుకు జప్తు కావచ్చు, జరిమానా పడవచ్చు. అవి అనుభవించేది తెప్పించుకున్న మనమే.

వస్తువు తేడాగా వస్తే ఏం చేయాలన్నది కూడా ముందే ఆలోచించాలి. 2020 నాటి వినియోగదారుల ఈ-కామర్స్ నిబంధనలు, మన దేశంలోని వారికి పద్ధతి ప్రకారం సరుకులు అమ్మే విదేశీ సంస్థలకు కూడా వర్తిస్తాయి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు కూడా చేయవచ్చు. కానీ ఇక్కడ చిరునామాయే లేని వ్యక్తి మీద ఆ హక్కును సాధించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. తిప్పి పంపడానికయ్యే రవాణా ఖర్చు చాలాసార్లు వస్తువు ధరను మించిపోతుంది, కట్టిన సుంకం తిరిగి రాబట్టడం మరో ప్రయాస. విదేశీ సైట్లలో మన కార్డు నుంచి ఓటీపీ లేకుండానే డబ్బు వెళ్లవచ్చు కనుక, కార్డులో విదేశీ లావాదేవీల మీటను కొనేటప్పుడు మాత్రమే తెరచి, వెంటనే మూసేయాలి. క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే, వస్తువు రానప్పుడు బ్యాంకు ద్వారా వివాదం లేవదీసే వీలుంటుంది.

చివరిగా ఒక్క మాట. కొత్త భాగం వచ్చిన రోజున పొట్లం విప్పుతున్నప్పుడే వీడియో తీసుకోండి. మెకానిక్ బిగించకముందే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టించి నంబరు, బోల్టు రంధ్రాలు, కనెక్టరులోని పిన్నుల సంఖ్య, బరువు పోల్చి చూడమనండి. కొత్తది కొన్ని వారాలపాటు సరిగా పనిచేసిందని తేలేవరకు పాతదాన్ని పాత ఇనుపసామాను వాడికి వేయకుండా ఇంట్లోనే ఉంచండి. దాని మీది నంబరుతో మీకు మళ్లీ పని పడవచ్చు.

సెలవు. నమస్కారం.