ఆ మొదటి మెట్టు ఎంత ఎత్తు?

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు, పేరుపేరునా చెప్పే టైం లేదు, మన్నించాలి. ఎలక్ట్రిక్ బస్సుల పరిశోధన మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ రోజూ పూలగంపతో ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్‌కు బస్సులో వెళ్లేది. అరవై దగ్గరపడేసరికి మోకాళ్లు అరిగాయి. బస్సు మొదటి మెట్టు ఆమె మోకాలి దాకా ఉండేది. ముందు గంప లోపలికి తోసి, కడ్డీ పట్టుకుని, ఎవరైనా చెయ్యిస్తే ఎక్కేది. ఒకరోజు కాలు లేపేలోపే బస్సు కదిలింది. గంప వెళ్లిపోయింది, అమ్మ రోడ్డు మీద పడింది. ఇంటికొచ్చి "మల్లెలన్నీ పోయాయిరా" అంది తప్ప దెబ్బ సంగతి ఎత్తలేదు. వాచిన మోచెయ్యి నేనే చూశాను. ఇక బస్సెక్కనంది.

అప్పు చేసి బండి కొన్నాను. పొద్దున దింపి రావాలి, సాయంత్రం వెళ్లి తేవాలి. రోజుకు 56 కిలోమీటర్లు.

మీరంతా ఇంజనీరింగ్ పిల్లలు, లెక్క వేయండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చే బండికి రోజుకు రెండున్నర కిలోలు. లీటరు డీజిల్‌కు 2.7 కిలోలు. ఆ లీటరుతో బస్సు నాలుగు కిలోమీటర్లే నడిచినా, అందులో 50 మంది ఉంటే, రానూపోనూ 28 కిలోమీటర్లకు అమ్మ వాటా 400 గ్రాముల లోపే. అదీ డీజిల్ బస్సులో! ఒక్క మెట్టు మా ఇంటి కార్బన్‌ను ఆరు రెట్లు దాటించింది.

ఎలక్ట్రిక్ బస్సు వద్దనడం లేదు. 2022లో తిరుపతి, తిరుమల మధ్య మొదలైనవి చూడండి. కొండ దిగేటప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీని నింపుతుంది. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆ బ్యాటరీ ఎక్కడ పెడతారు? పైకప్పు మీద పెడితే ఫ్లోరు కిందికి దించవచ్చు. మన సిటీ బస్సుల ప్రమాణాల్లో 400 మిల్లీమీటర్ల ఫ్లోరూ ఉంది, 900దీ ఉంది. ఏది కొంటున్నామో అడిగారా ఎవరైనా? 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు టికెట్ తీసేశారు, చాలా సంతోషం. మరి మెట్టు?

వెనక వరుసలో అమ్మాయిలూ, మీకే చెబుతున్నా. శనివారం టేపు పట్టుకుని ఉప్పల్ స్టాపుకు రండి. పది బస్సుల మొదటి మెట్టు కొలుద్దాం. ఎక్కలేక ఆగిపోయినవాళ్లను కూడా లెక్క రాయండి. పొద్దున ఏడింటికల్లా నేనక్కడుంటాను.