భూటాన్‌లో మనం కట్టే 1200

అందరికీ నమస్కారమండీ. భూటాన్ అనగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే, మన ఇండియన్స్ దగ్గర కూడా రాత్రికి 1200 రూపాయల టూరిస్ట్ ఫీజు ఎందుకు గుంజుతున్నారు అని. మనిషికి 1200, అందులో హోటల్ లేదు తిండి లేదు, ఆ దేశంలో ఒక రాత్రి ఉన్నందుకు అంతే. నలుగురు పెద్దవాళ్ళు ఐదు రాత్రులుంటే 24 వేలు అక్కడికే సరి, కడుపు మండదా మరి. 2020లో రూల్ పెట్టారు గానీ కరోనాకి బోర్డర్ మూసేశారు కదా, అందుకే 2022 సెప్టెంబర్‌లో మళ్ళీ తెరిచాకే మనవాళ్ళకి ఆ దెబ్బ తెలిసొచ్చింది.

వాళ్ళకి ఇదేం కొత్త ఆలోచన కాదు. 1974లో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం అప్పుడు విదేశీ టూరిస్టులకి తలుపు తీశారు, అప్పట్నుంచీ తక్కువమంది రావాలి, వచ్చినవాళ్ళు బాగా ఖర్చు పెట్టాలి అన్నదే లెక్క. డాలర్లలో కట్టేవాళ్ళకి 2022లో రాత్రికి 200 చేసి, తర్వాతి ఏడాదే 100కి దించారు. ఆ దేశ జనాభా ఎనిమిది లక్షల లోపు. 2019లో వచ్చిన టూరిస్టులేమో మూడు లక్షల పైనే, ఎక్కువమంది మనవాళ్ళే, ఆ ఏడాదే మన బైకర్ ఒకాయన దోచులా కనుమ దగ్గర చోర్టెన్, అంటే బౌద్ధ స్తూపం, ఎక్కి నిలబడి ఫోటో దిగాడు, మన గుడి గోపురం ఎక్కినట్టే కదండీ, వాళ్ళకి మండదా.

అయితే ఫీజు వల్లే వాళ్ళ సంస్కృతి నిలబడింది అంటే నేను ఒప్పుకోను. పారోలో ఏటా చేసే బౌద్ధ పండగ, పారో త్సేచు చూడండి. ఆఖరి రోజు ఇంకా తెల్లారకముందే థోంగ్‌డ్రెల్ దించుతారు, అది బౌద్ధ గురువు పద్మసంభవుడి బొమ్మతో కుట్టిన బట్ట, ఒక పెద్ద మేడంత ఉంటుంది, ఎండ పడకముందే మళ్ళీ చుట్టేస్తారు. ఆ చలిలో ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు లైన్లో నిలబడి దాని అంచుకి తల ఆనిస్తారు. తర్వాత కుటుంబాలన్నీ మంచి బట్టలు కట్టుకుని, వెదురు బుట్టల్లో అన్నం తెచ్చుకుని, ముసుగు నాట్యాలు చూస్తూ పగలంతా అక్కడే. మనం కెమెరా పట్టుకుని వెళ్ళినా వెళ్ళకపోయినా వాళ్ళ పండగ వాళ్ళు చేసుకుంటారు, అదీ అసలు బలం.

అలాగని కొత్తగా పెట్టినవన్నీ టూరిస్టుల కోసం ఆడే నాటకం అనీ అనలేం. ఫోబ్జిఖా లోయకి చలికాలంలో టిబెట్ వైపు నుంచి నల్లమెడ కొంగలు వస్తాయి, వాటికి తీగలు తగలకూడదని కరెంటు లైన్‌ని భూమిలోంచి వేశారు. 1998 నుంచి ప్రతి నవంబర్ 11న గాంగ్‌టే మఠం ముంగిట్లో కొంగల పండగ చేస్తున్నారు, స్కూలు పిల్లలు కొంగ వేషం వేసి ఆడతారు. పాత ఆచారమేం కాదు, కానీ ఊళ్ళోవాళ్ళు కొంగల్ని తమవే అనుకుంటున్నారు, నా వరకు అది చాలు.

ఇప్పుడు డబ్బు సంగతి. మనం కట్టే 1200 ప్రభుత్వ ఖజానాకి పోతుంది, అక్కడ వైద్యం ఉచితం, స్కూలు చదువు ఉచితం, కాబట్టి తిరిగి జనానికే కొంత చేరుతుంది అనుకోవచ్చు. కానీ మనలాంటి మధ్యతరగతి ఇండియన్స్ మీద బతికే చిన్న హోటల్ ఆయనకి ఆ ఫీజు వల్ల గిరాకీ తగ్గింది, ఖరీదైన రిసార్టుల్లో దిగేవాళ్ళకి 1200 ఓ లెక్క కాదు. పైగా జనమంతా పారో, థింపూ, పునాఖా చుట్టే తిరుగుతారు, తూర్పున త్రాషిగాంగ్ వైపు వెళ్ళేవాళ్ళు బాగా తక్కువ.

అందుకే వెళ్తే ఒకట్రెండు రాత్రులన్నా పల్లెటూళ్ళో హోమ్‌స్టేలో ఉండండి అంటాను. ఎమా దత్షి పెడతారు, అంటే మిరపకాయల్ని చీజ్‌లో వండిన కూర, కారానికి మనవాళ్ళకి దిగులక్కర్లేదు. ఏటి రాళ్ళు ఎర్రగా కాల్చి చెక్క తొట్టిలో వేసి నీళ్ళు కాచి స్నానానికి పెడతారు, ఉన్నందుకు మనమిచ్చే డబ్బు నేరుగా ఆ ఇంటావిడ చేతికే వెళ్తుంది. కాకపోతే ఆ ఇళ్ళల్లో చదువుకున్న పిల్లలు చాలామంది ఆస్ట్రేలియా దారి పడుతున్నారు, రేపు ఈ హోమ్‌స్టేలు ఎవరు నడుపుతారు, ముసుగు నాట్యం ఎవరు నేర్చుకుంటారు అన్నదానికి ఫీజు పెంచినా తగ్గించినా జవాబు రాదు.

ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇప్పుడు అడగండి, ఖర్చుల లెక్కతో సహా చెప్తాను.