గ్రహణం రోజు సూర్యుడి పొరలు ఎలా కొలిచారు?

[తెరపై: గుంటూరు, 1868 ఆగస్టు 18]

సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్స్ జాన్సెన్ గుంటూరులో, వెలుగును రంగుల పట్టీగా (అదే వర్ణపటం) విడగొట్టి చూపే స్పెక్ట్రోస్కోప్‌కి కన్ను ఆనించి చూస్తున్నాడు. సూర్యుడి అంచున లేచిన ఎర్రటి జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు! అంటే అవి వేడెక్కిన వాయువులన్నమాట. హీలియం కథ కూడా ఈ గ్రహణంతోనే మొదలైంది. అది చాలామందికి తెలిసిందే కాబట్టి పక్కన పెడదాం. నన్నడిగితే అసలు మజా ఫొటోలు వచ్చాకే.

సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయే క్షణంలో దాని పైనున్న పలుచని పొర, క్రోమోస్ఫియర్, సన్నటి వంపులా మిగులుతుంది. మామూలు రోజుల్లో నల్లగా ఉండే వర్ణపట గీతలు అప్పుడు గుప్పున వెలుగుతాయి. 1870లో స్పెయిన్‌లో దీన్ని మొదట చూసింది అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ యంగ్. పేరు ఫ్లాష్ స్పెక్ట్రమ్. ఉండేది కొన్ని సెకన్లే, గీతలేమో వందలు. చూస్తూ రాసుకోవడం అయ్యే పనేనా? 1896లో రష్యా ఉత్తరాన నొవాయా జెమ్ల్యా దీవుల్లో విలియం షాకిల్‌టన్ దాన్ని ఫొటో తీశాడు.

[తెరపై: ఫ్లాష్ స్పెక్ట్రమ్ ఫొటో, వరసగా వంపు గీతలు]

గీతలు నిటారుగా లేవు, గమనించారా? స్పెక్ట్రోస్కోప్‌లో వెలుగు సన్నటి చీలిక గుండా రావాలి. ఇక్కడ ఆ చీలికే తీసేశారు. మిగిలిన వంపే సన్నగా ఉంది, అదే చాలు. దాంతో ఒక్కో రంగులో ఒక్కో వంపు పడింది. కాల్షియం వంపులు పొడుగ్గా, చాలా లోహాలవి పొట్టిగా ఉంటాయి. పొడుగున్న వంపంటే ఆ వాయువు వెలుగు ఎక్కువ ఎత్తు వరకూ ఉన్నట్టు.

ఇంకో లాభం ఉంది. చంద్రుడి అంచు సూర్యుడి మీద సెకనుకు సుమారు 350 కిలోమీటర్లు జరుగుతుంది. వెంటవెంటనే ఫొటోలు తీస్తే, ఏ గీత ఎప్పుడు మాయమైందో చూసి అది ఎంత ఎత్తు నుంచి వస్తోందో లెక్కకట్టొచ్చు. క్రోమోస్ఫియర్ మందం కొన్ని వేల కిలోమీటర్లే, అందుకే ఇంత టెన్షన్!

1898 జనవరిలో గ్రహణం మళ్ళీ భారతదేశం మీదుగా వచ్చింది. తర్వాత కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరైన జాన్ ఎవర్షెడ్ అప్పుడు మహారాష్ట్రలోని తల్ని నుంచి అతినీలలోహిత భాగం దాకా ఫొటోలు తీశాడు.

[తెరపై: ఆకుపచ్చ వలయం]

సూర్యుడి అన్నిటికన్నా బయటి పొర కరోనా. దాని వెలుగు మాత్రం వంపులా కాదు, చంద్రుడి చుట్టూ వలయంలా పడుతుంది. 530.3 నానోమీటర్ల ఈ ఆకుపచ్చ గీత 1869లోనే కనిపించింది. భూమ్మీద ఏ మూలకంతోనూ సరిపోలేదు. దాంతో ‘కరోనియం’ అనే కొత్త మూలకాన్ని ఊహించేశారు. దాదాపు 70 ఏళ్ళ తర్వాత గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు: అది మనకు తెలిసిన ఇనుమే, కాకపోతే 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. అన్ని ఊడాలంటే అక్కడ వేడి పది లక్షల డిగ్రీలకు పైమాటే. కింద సూర్యుడి ఉపరితలం మాత్రం 6 వేల డిగ్రీల లోపే!