మైదానం గీత దాటాక: ఎడ్డీ హౌ ఆటగాడి నుంచి శిక్షకుడైన తీరు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట ఉన్న వ్యాయామోపాధ్యాయులకు, యువ క్రీడాకారులకు నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అనగానే మనలో చాలామందికి టెలివిజన్‌లో కనిపించే ప్రీమియర్ లీగ్ గుర్తుకు వస్తుంది. అందులో ఉన్నవి 20 క్లబ్బులు మాత్రమే. దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అనే మూడు అంచెల్లో మరో 72 క్లబ్బులు ఆడుతున్నాయి. ఆ కింది అంచెల్లో ఆడేవారికి ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు దొరుకుతుంది. అది జూన్ నెలాఖరుతో తీరిపోతుంది. కొత్తది ఇస్తారో లేదో వేసవి వచ్చేదాకా తెలియదు. ముప్ఫై ఏళ్ల వయసులో మోకాలు మొరాయిస్తే, మిగిలిన జీవితమంతా కూర్చుని తినగలిగేంత సంపాదన వారి దగ్గర ఉండదు. అందుకే ఆట తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న వారిని పాతికేళ్ల వయసు నుంచే వెంటాడుతుంది.

ఆ ప్రశ్నకు ఒక మనిషి జీవితం ఇచ్చిన జవాబును ఈరోజు మీ ముందు ఉంచాలనుకుంటున్నాను. ఆయన పేరు ఎడ్డీ హౌ. ఆయన న్యూకాజిల్ యునైటెడ్ అనే ప్రీమియర్ లీగ్ క్లబ్బుకు శిక్షకుడిగా సాధించిన విజయాల గురించి మీరు చదివే ఉంటారు. నాకు వాటికన్నా 2006 నుంచి 2009 వరకు గడిచిన మూడేళ్లు ముఖ్యమైనవిగా తోస్తాయి, ఎందుకంటే ఆయనలోని శిక్షకుడు తయారైంది అప్పుడే, అదీ ఎవరూ పెద్దగా పట్టించుకోని చోట.

హౌ 1977లో పుట్టారు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న బోర్న్‌మత్ క్లబ్బు తరఫున 1995 డిసెంబరులో మొదటి మ్యాచ్ ఆడారు. రక్షణ పంక్తి నడుమ నిలబడే డిఫెండరు. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకు కూడా ఆడారు కనుక మంచి భవిష్యత్తు ఉన్న కుర్రవాడనే అందరూ అనుకున్నారు. 2002 మార్చిలో హ్యారీ రెడ్‌నాప్ నడుపుతున్న పోర్ట్స్‌మత్ క్లబ్బు 4 లక్షల పౌండ్లు ఇచ్చి ఆయనను తీసుకుంది. అక్కడే మోకాలు దెబ్బతింది. పోర్ట్స్‌మత్ తరఫున ఆయన ఆడగలిగినవి రెండే రెండు లీగ్ మ్యాచ్‌లు. 2004లో ఆయనను వెనక్కి తెచ్చుకోవాలని బోర్న్‌మత్ అనుకుంది గాని, దాని దగ్గర డబ్బు లేదు. అప్పుడు అభిమానులే తలా కొంత వేసుకుని కొద్ది రోజుల్లో 21,000 పౌండ్లు పోగుచేసి ఆయనను ఇంటికి రప్పించారు. ఒక కింది అంచె డిఫెండరు కోసం, అదీ మోకాలు చెడిన వాడి కోసం, మామూలు జనం జేబులోంచి డబ్బు తీశారంటే, ఆ ఊరికి అతనితో ఉన్న బంధం ఎటువంటిదో ఊహించుకోండి.

కాని మోకాలు పూర్తిగా కుదుటపడలేదు. 2006 చివరిలో అప్పటి మేనేజరు, అంటే జట్టు ప్రధాన శిక్షకుడు, కెవిన్ బాండ్ ఆయనకు రిజర్వు జట్టు శిక్షణలో బాధ్యత అప్పగించారు. ఈ నిర్ణయం గురించి మనం కొంచెంసేపు ఆలోచించాలి. అప్పటికి హౌ ఇంకా ఆటగాడిగానే నమోదై ఉన్నారు. వయసు ముప్ఫై కూడా నిండలేదు. ఆట పూర్తిగా ఆగిపోయి, ఇంట్లో ఏడాదిపాటు దిగులుపడి, ఆ తర్వాత ఏదో ఒక పని కోసం క్లబ్బు తలుపు తట్టే దుస్థితి ఆయనకు రాలేదు. ఒక కాలు మైదానం లోపల, ఒక కాలు గీత బయట ఉండగానే పని నేర్చుకోవడం మొదలైంది. 2007లో ఆయన ఆట విరమించే నాటికి, కుర్రవాళ్లకు ఒక విషయాన్ని ఎలా చెప్పాలో, ఒకడికి చెప్పినట్టు మరొకడికి ఎందుకు చెప్పకూడదో అప్పటికే కొంత తెలిసివచ్చింది.

ఆటగాడికి తన స్థానం, తన దేహం, తన తప్పు తెలిస్తే చాలు; శిక్షకుడికి పదకొండు మంది స్థానాలు, ఇరవై మంది మనసులు తెలియాలి. మైదానంలో తాను అప్రయత్నంగా చేసిన పనిని విడదీసి, పేరు పెట్టి, క్రమం ఏర్పరచి, ఇంకొకరి చేత చేయించాలి. సహజ ప్రతిభతో ఆడిన గొప్ప ఆటగాళ్లలో కొందరు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే తమకు అది ఎలా వచ్చిందో వారెన్నడూ ఆలోచించవలసిన అవసరం పడలేదు. కింది అంచెల డిఫెండరు పరిస్థితి వేరు. గోల్ కొట్టడానికి తనకన్నా వేగంగా పరుగెత్తే ఫార్వర్డును, తాను ఎక్కడ నిలబడాలో ముందుగానే లెక్కవేసి, అతడు ఆపుతాడు. పక్కవాడిని పిలిచి, జరిపి, హెచ్చరించి ఆడతాడు. ఒక రకంగా అతని ఆటలోనే సగం శిక్షణ ఉంటుంది. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు ఉపాధ్యాయుడు; ఆటగాడిగా కన్నా శిక్షకుడిగానే పేరు పొందారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించింది ఆయనే. నేర్పడం అనేది ఆడడానికి భిన్నమైన విద్య అని మనకు ఇంగ్లండు వాళ్లు చెప్పవలసిన పని లేదు.

మళ్లీ బోర్న్‌మత్‌కు వద్దాం. 2008లో ఆ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి లీగ్ టూకు పడిపోయింది. దివాలా నిబంధనలు పాటించనందుకు 2008-09 సీజన్‌ను 17 పాయింట్ల లోటుతో మొదలుపెట్టవలసి వచ్చింది. గెలిస్తే వచ్చేవి మూడు పాయింట్లు. అంటే దాదాపు ఆరు విజయాలు సాధిస్తే గాని సున్నా దాటరు. లీగ్ టూలో చివరి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు 92 క్లబ్బుల వలయం నుంచే బయటికి పోతాయి. అప్పులతో ఉన్న క్లబ్బు అలా జారిపోతే తిరిగి లేవడం కష్టం. ఆ 2008 డిసెంబరు 31న, 31 ఏళ్ల హౌకు తాత్కాలికంగా జట్టును అప్పగించారు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అయినా జనవరిలో ఆయననే మేనేజరుగా నియమించారు. అప్పటికి ఇంగ్లండ్ లీగ్ క్లబ్బుల మేనేజర్లలో అందరికన్నా చిన్నవాడు ఆయనే.

ఆయన తీసుకున్న మొదటి నిర్ణయాల్లో ఒకటి, క్లబ్బులో ఏళ్ల తరబడి ఆడి బయటికి వెళ్లిన 36 ఏళ్ల ఫార్వర్డు స్టీవ్ ఫ్లెచర్‌ను వెనక్కి పిలవడం. తన పాత సహచరుడు జేసన్ టిండాల్‌ను సహాయకుడిగా పక్కన పెట్టుకున్నారు. నిన్నటిదాకా భుజం కలిపి ఆడినవారికి నేడు ఆజ్ఞ ఇవ్వడం ఎంత ఇబ్బందికరమో క్రీడాకారులకు వేరే చెప్పనక్కరలేదు. అందులోనూ ఆ ఆటగాడు తనకన్నా అయిదేళ్లు పెద్దవాడైనప్పుడు. 2009 ఏప్రిల్ 25న సొంత మైదానంలో గ్రిమ్స్‌బీపై 2-1తో గెలిచి బోర్న్‌మత్ లీగ్‌లో నిలిచింది. ఆఖరి అంకంలో గెలుపు గోల్ కొట్టింది ఆ ఫ్లెచరే.

నా దృష్టిలో దానికన్నా పెద్ద పరీక్ష మరుసటి ఏడాది ఎదురైంది. అప్పుల కారణంగా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా క్లబ్బుపై ఆంక్షలు ఉన్నాయి. ఉన్న కొద్దిమందితోనే ఆడాలి. గాయపడినవాడి స్థానంలో కొనడానికి ఎవరూ లేనప్పుడు, ఉన్నవాడిని మెరుగుపరచడం తప్ప శిక్షకుడికి వేరే మార్గం ఉండదు. ఆ జట్టుతోనే 2009-10లో రెండో స్థానం సాధించి లీగ్ వన్‌కు ఎదిగారు. హౌ పద్ధతి అంతా ఆ సీజన్‌లోనే స్థిరపడిందని నా నమ్మకం. తర్వాత హెరెఫర్డ్ నుంచి వచ్చిన మార్క్ ప్యూ, వృత్తి లీగ్‌కు బయటనున్న వోకింగ్ నుంచి వచ్చిన హ్యారీ ఆర్టర్ ఆయన చేతుల మీదుగా అంచెలు ఎక్కి ప్రీమియర్ లీగ్‌లో ఆడారు. పెద్ద క్లబ్బులు కన్నెత్తి చూడని ఆటగాళ్లు వీరు.

మధ్యలో 2011 జనవరి నుంచి 2012 అక్టోబరు వరకు బర్న్‌లీలో గడిపిన కాలం అంతగా కలిసిరాలేదు. అక్కడి నుంచి తిరిగి వచ్చి, 2013లో చాంపియన్‌షిప్‌కు, 2015లో 1899 నాటి ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారిగా ప్రీమియర్ లీగ్‌కు చేర్చారు. పదకొండు వేల పైచిలుకు మంది మాత్రమే పట్టే మైదానంతో అయిదు సీజన్లు అక్కడ నిలిచారు. అప్పటికి సంపన్నుడైన యజమాని వచ్చాడన్నది నిజం. ఆ డబ్బు లేకుండా ఇదంతా జరిగేదని నేను అనను. 2020లో జట్టు కిందికి పడిపోయింది, ఆయన పదవి వీడారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఏ జట్టునూ చేపట్టలేదు.

2021 నవంబరులో, ఆ సీజన్‌లో అప్పటికి ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవని న్యూకాజిల్‌కు వెళ్లారు. అక్కడా కొత్త యజమానుల సంపద ఉంది, కొత్త ఆటగాళ్లు వచ్చారు. కాని అప్పటికే ఉన్న జోలింటన్ అనే ఫార్వర్డును, గోల్స్ కొట్టలేడని అందరూ వదిలేసిన వాడిని, మధ్య పంక్తిలో నిలబెట్టి జట్టుకు మూలస్తంభంగా మార్చింది డబ్బు కాదు, లీగ్ టూలో అలవడిన చూపు. 2025 మార్చి 16న లివర్‌పూల్‌పై 2-1తో లీగ్ కప్ గెలిచినప్పుడు న్యూకాజిల్‌కు 70 ఏళ్ల తర్వాత దేశవాళీ ట్రోఫీ దక్కింది. 2008లో రెడ్‌నాప్ పోర్ట్స్‌మత్‌తో ఎఫ్‌ఏ కప్ గెలిచాక, ఒక పెద్ద దేశవాళీ ట్రోఫీ అందుకున్న మొదటి ఇంగ్లిష్ మేనేజరు హౌ. ఆ ఫైనల్లో మొదటి గోల్ చేసిన డాన్ బర్న్, 2009-10లో లీగ్ టూలోని డార్లింగ్‌టన్‌లో ఆట మొదలుపెట్టినవాడు. హౌ జట్టు ఆంక్షల మధ్య ఆడిన అదే సీజన్, అదే అంచె.

ఇంత ఎత్తుకు చేరేవారు అరుదు. కింది అంచెల నుంచి శిక్షణలోకి వచ్చే చాలామంది అకాడమీల్లో పిల్లలకు నేర్పుతూ, సాయంత్రాలు పాఠశాలల్లో పనిచేస్తూ, యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య శిక్షకులకు ఇచ్చే సి, బి, ఎ లైసెన్సులను ఒక్కొక్కటిగా సంపాదించుకుంటారు. అన్నిటికన్నా పైదైన ప్రో లైసెన్సుకు సీట్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. 1907లో ఏర్పడిన వృత్తి ఫుట్‌బాలర్ల సంఘం చదువుకు, కోర్సులకు సాయం చేస్తుంది, అది గొప్ప ఆసరా. అయినా లైసెన్సు చేతికిచ్చినంత మాత్రాన నేర్పడానికి పిల్లలు దొరకరు. ఆ అవకాశాన్ని క్లబ్బే ఇవ్వాలి, ఆటగాడు ఇంకా తన జీతం మీద ఉండగానే ఇవ్వాలి. ఇరవై ఎనిమిదేళ్ల ఆటగాడికి వారానికి రెండు సాయంత్రాలు అండర్-15 జట్టును అప్పగించి, పక్కన ఒక అనుభవజ్ఞుడిని ఉంచడానికి పెద్ద ధనం అవసరం లేదు. 2006లో కెవిన్ బాండ్ ఆ పని చేసినప్పుడు బోర్న్‌మత్ దగ్గర ఉన్నవి ఎక్కువగా అప్పులే.

ఇక మీ ప్రశ్నలకు వద్దాం.